పేరు గుమ్మడిది, వాసన జాజికాయది

స్టార్‌బక్స్ కాఫీ దుకాణాలు ‘పంప్‌కిన్ స్పైస్ లాటే’ని మొదటిసారి 2003లో అమ్మాయి. అమెరికాలో ఆకురాలు కాలానికి గుర్తుగా స్థిరపడిపోయిన ఆ పానీయంలో 2015 దాకా గుమ్మడికాయ అన్నదే లేదు. ఎస్ప్రెసో, వేడి పాలు, పైన మీగడ నురగ, వీటన్నిటినీ కలిపే ఒక తియ్యటి పాకం. ఆ పాకంలో దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి వాసనలు. అంతే. తొలి పదేళ్లలో 20 కోట్లకు పైగా కప్పులు అమ్మామని 2013లో కంపెనీ చెప్పుకుంది. అన్ని కప్పులు తాగినా, అందులో గుమ్మడి ఏదీ అని చాలామంది నాలుకలు అడగలేదు.

గుమ్మడి గుజ్జు సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు. దానికి సొంత రుచి తక్కువ. ఉడికిస్తే మెత్తగా, కాస్త తీపిగా, కొంచెం పచ్చివాసనతో ఉంటుంది. మన ఇళ్లలోనూ దాన్ని ఒంటరిగా తినరు. చింతపండు, బెల్లం, ఇంగువ తాలింపు తోడైతేనే అది పులుసవుతుంది. అమెరికా వంటింట్లో ఆ తోడు మసాలా దినుసులది. మూడు వందల ఏళ్లుగా అవి గుమ్మడితో కలిసే పొయ్యి ఎక్కుతున్నాయి. అందువల్ల ఆ ఘుమఘుమ ముక్కుకు సోకితే చాలు, అక్కడివాళ్లకు గుమ్మడి తిన్నట్టే ఉంటుంది. దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్, లవంగంలోని యూజెనాల్ అనే తైల పదార్థాలే ఇన్నాళ్లూ కప్పులో గుమ్మడి వేషం కట్టాయి. కాబట్టి ఈ పానీయం పూర్వకథ వెతకాలంటే గుమ్మడి పాదు దగ్గర కన్నా జాజికాయ చెట్టు కింద ఎక్కువసేపు నిలబడాలి. ఆ చెట్టు దగ్గరికి వెళ్లే పాత సముద్రపు దారి మచిలీపట్నం మీదుగా పోతుంది.

ముందు గుమ్మడి వంతు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికోలో ఒవాహాకా ప్రాంతంలోని గిలా నాకిట్స్ గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివి. అంటే అక్కడి మనిషి మొక్కజొన్నకన్నా ముందే గుమ్మడిని సాగులోకి తెచ్చుకున్నాడు. ఉత్తర అమెరికా ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో వేసేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కర్రను పట్టుకుని పైకి పాకుతుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరకుండా, కలుపు లేవకుండా చూస్తాయి. 1620లో ప్లిమత్ తీరంలో దిగిన ఇంగ్లీషు వలసదారులు ఈ పంటను వాళ్ల దగ్గర నేర్చుకుని, తొలి దశాబ్దాల్లో దాని మీద చాలా ఆధారపడ్డారు.

మన ఊళ్లకు తీపి గుమ్మడి వచ్చిందీ అక్కడినుంచే, యూరప్ నౌకల వెంట. గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టే బూడిద గుమ్మడి ఆసియా కాయ, చాలా పాతది. దప్పళంలో పడే పసుపుపచ్చ గుజ్జు గుమ్మడి మాత్రం మిరపకాయలాగే సముద్రం దాటి వచ్చిన అతిథి. బతుకమ్మకు ఆకు పరిచి, గొబ్బెమ్మకు పువ్వు పెట్టి ఇక్కడివాళ్లు దాన్ని పూర్తిగా సొంతం చేసుకున్నారు.

యూరప్ వాళ్లు గుమ్మడిని తమ పిండివంటల్లోకి త్వరగానే తీసుకున్నారు. 1651లో వచ్చిన ఫ్రెంచి వంటగాడు లా వరెన్ పుస్తకంలోనే గుమ్మడి తూర్ట్, అంటే పిండి పొరలో గుజ్జు నింపి కాల్చే వంటకం, ఉంది. అయితే అమెరికన్ రుచికి పునాది రాయి అనదగ్గది 1796లో కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో అచ్చయిన ‘అమెరికన్ కుకరీ’. అమెరికా మనిషి రాయగా అమెరికాలోనే వెలువడిన మొదటి వంట పుస్తకంగా దాన్ని గుర్తిస్తారు. రాసినామె అమీలియా సిమన్స్. పుస్తకం ముఖపత్రం మీద తనను అనాథగా పరిచయం చేసుకున్న ఆ స్త్రీ గురించి చరిత్రకు తెలిసింది దాదాపు అంతే.

ఆమె గుమ్మడి వంటకాలు రెండు ఇచ్చింది. మొదటిదానికి ఉడికించి వడకట్టిన గుజ్జు, మీగడ, తొమ్మిది గుడ్లు, పంచదార, జాపత్రి, జాజికాయ, అల్లం కావాలి. రెండోదానికి మీగడ బదులు పాలు, నాలుగే గుడ్లు, పంచదార బదులు చెరుకు మడ్డి, అల్లం, ఆల్‌స్పైస్. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెడితే ఆనాటి సమాజం కనబడుతుంది. మొదటిది డబ్బున్న ఇంటి వంట, దూరదేశపు జాజికాయ కొనగలిగినవాళ్లది. రెండోది పొదుపు సంసారానిది. ఆల్‌స్పైస్ జమైకాలో కాసే చిన్న గింజ. అందులో లవంగం, దాల్చిన, జాజికాయల వాసన మూడూ కలిసి ఉన్నట్టనిపిస్తుంది కాబట్టి ఖరీదైన దినుసుల బదులు దాన్ని వేసేవారు. చెరుకు మడ్డి కూడా కరీబియన్ దీవులదే. బానిసల చేత కొరడా దెబ్బల మధ్య పండించిన చెరుకు నుంచి వచ్చింది. పొదుపు వంటకం చవకగా దొరకడానికి ఇంకెవరో మూల్యం చెల్లించారు.

ఇక జాజికాయ. పద్దెనిమిదో శతాబ్దం దాకా లోకానికంతటికీ జాజికాయ పంపింది ఇప్పటి ఇండోనేషియాలోని బందా ద్వీపాలు. పటం మీద వేలి గోటి కింద దాగిపోయే కొన్ని లంకలు. పండు పగిలితే లోపల నల్లటి గింజ, దాన్ని అల్లుకుని ఎర్రటి వల. వల జాపత్రి, గింజలోని పప్పు జాజికాయ. ఒకే పండులో రెండు సరుకులు, రెండూ లండన్, ఆమ్‌స్టర్‌డామ్ బజార్లలో వెండితో తూగేంత ఖరీదు.

అయితే ఆ లంకల్లో వెండితో పని పెద్దగా జరిగేది కాదు. బందావాళ్లు వరి పండించుకోరు, బట్ట చాలినంత నేసుకోరు. జాజికాయకు బదులు వాళ్లు అడిగింది బియ్యం, బట్టలు. ఆగ్నేయాసియా దీవులన్నిటా మోజున్న బట్ట భారత తీరానిది: ఒకవైపు గుజరాత్, మరోవైపు కోరమాండల్, అంటే మన తూర్పు తీరం. ఈ లెక్క తెలిశాకే డచ్చి వర్తకులు మన వైపు తిరిగారు. వాళ్ల ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1602లో. మూడేళ్లకే, 1605లో, గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోని మచిలీపట్నంలో గిడ్డంగి తెరిచింది. మరుసటి ఏడాది నిజాంపట్నంలో ఇంకొకటి. ఇంగ్లీషువాళ్లు 1611లో వెనకే వచ్చారు. తెల్లవాళ్లు భారతదేశానికి సుగంధద్రవ్యాల కోసం వచ్చారని బడిలో చదువుకున్న వాక్యం మలబారు తీరానికి సరిపోతుంది. ఆంధ్ర తీరానికి వాళ్లు వచ్చింది సుగంధద్రవ్యాలు కొనడానికి పనికొచ్చే బట్ట కోసం. ఇక్కడి నేత అక్కడి నాణెం.

ఆ నాణెం తయారైన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. గోదావరి డెల్టాలో పాలకొల్లు, ద్రాక్షారామం, ఉత్తరాన భీమిలి, లోపలికి వెళితే ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచ, అన్నిచోట్లా డచ్చివాళ్లు కొనుగోలు కేంద్రాలు పెట్టారు. మగ్గాల మీంచి దిగిన తెల్ల బట్టకు చిరివేరుతో ఎరుపు, నీలితో నీలం ఎక్కించేవారు. కృష్ణ ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో దొరికే చిరివేరుకు ఎక్కడా లేని ఎరుపునిస్తుందని పేరుండేది. కలంతో గీసి అద్దిన బట్టలూ, గళ్ల బట్టలూ, అంచులు దిద్దిన పొడవాటి వస్త్రాలూ మూటలు కట్టి ఓడలకెక్కాయి. ఏ లంకవాళ్లు ఏ రంగు ఇష్టపడతారో, ఏ వెడల్పు అడుగుతారో వర్తకులు రాసి పంపేవారు. దాని ప్రకారం నేతగాళ్లకు ముందుగా బయానా ముట్టేది. ఎక్కడో బందాలో ఒక కుటుంబం కట్టుకోబోయే ఎర్ర బట్ట ఎంత పొడవుండాలో కృష్ణా తీరంలోని మగ్గానికి తెలుసు. ఆ బట్టకు బదులు వచ్చిన కాయ తర్వాత ఏ దేశంలో ఏ వంటలో పడుతుందో మాత్రం ఆ నేతగాడికి చెప్పినవారు లేరు.

1621లో ఈ వర్తకం నెత్తుటిలో మునిగింది. డచ్చి కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్, జాజికాయ మొత్తం తమకే అమ్మాలన్న షరతుకు బందావాళ్లు లొంగలేదని సైన్యంతో వచ్చి దీవులను ఊడ్చేశాడు. దాదాపు 15,000 మంది ఉన్న జనాభాలో చంపగా, ఆకలికి చావగా, బానిసలుగా తరలించగా, పారిపోగా దీవుల్లో మిగిలింది వెయ్యి మంది ప్రాంతం. ఖాళీ అయిన తోటలను 68 కమతాలుగా కోసి డచ్చివాళ్లకు పంచారు. పనికి బానిసలను తెచ్చారు. అదే కాలంలో కోరమాండల్ తీరంలో కరవు వచ్చినప్పుడల్లా, తిండిలేక అమ్ముడుపోయిన మనుషులను కంపెనీ కొని బటేవియాకు (నేటి జకార్తా), తన తూర్పు స్థావరాలకు ఓడల్లో పంపింది. బట్టతో పాటు మనుషులు కూడా ఈ తీరం దాటారు. మచిలీపట్నం గొప్పదనం చెప్పుకునేటప్పుడు ఈ మాట వదిలిపెట్టకూడదు.

బందా దీవుల్లో రన్ అనే ఒక్క లంక మీద మాత్రం ఇంగ్లీషువాళ్లు హక్కు వదలలేదు. చివరికి 1667లో బ్రెడా సంధిలో బేరం కుదిరింది. రన్ డచ్చివాళ్లదైంది. అంతకు మూడేళ్ల ముందు ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే రేవు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆ రేవున్న మన్‌హటన్ ద్వీపమే నేటి న్యూయార్క్ నడిబొడ్డు. ఇవాళ ఆ నగరంలో అడుగడుగునా కనిపించే కాఫీ దుకాణాల్లో సెప్టెంబరు నెలంతా మరిగేది జాజికాయ వాసనే.

డచ్చివాళ్ల గుత్తాధిపత్యం శాశ్వతం కాలేదు. పియర్ పువార్ అనే ఫ్రెంచి అధికారి 1770 ప్రాంతంలో లవంగం, జాజి మొక్కలను దొంగచాటుగా మారిషస్‌కు తెప్పించాడు. తర్వాత బందాను కొన్నాళ్లు పట్టుకున్న ఇంగ్లీషువాళ్లు మొక్కలను తమ వలసలకు మళ్లించారు. 1843లో కరీబియన్‌లోని గ్రెనడా దీవికి జాజి చేరింది. ధర దిగింది. సిమన్స్ కాలంలో ధనికుల పాత్రలో పడిన దినుసు ఆమె మనవల తరానికి మామూలు ఇంటి అటక ఎక్కింది.

పిండి పొరలో గుజ్జు పోసి కాల్చే గుమ్మడి ‘పై’ దేశపు పండుగ వంటకం కావడం వెనక ఒక పత్రికా సంపాదకురాలి పట్టుదల ఉంది. సారా జోసెఫా హేల్ న్యూ హాంప్‌షైర్ ఆడపడుచు. 1827లో రాసిన ‘నార్త్‌వుడ్’ నవలలో థ్యాంక్స్‌గివింగ్ (కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ) విందును గుమ్మడి పైతో సహా వర్ణించింది. ఆ తర్వాత ‘గోడీస్ లేడీస్ బుక్’ పత్రిక నడుపుతూ, ఈ ఈశాన్య రాష్ట్రాల పండుగను దేశమంతా ఒకే రోజు చేసుకోవాలని దశాబ్దాలపాటు గవర్నర్లకు, అధ్యక్షులకు ఉత్తరాలు రాసింది. అంతర్యుద్ధం మధ్యలో, 1863 అక్టోబరులో, అధ్యక్షుడు లింకన్ ఆ ప్రకటన చేశాడు. దక్షిణాది చాలాకాలం దీన్ని ఉత్తరాది పండుగగానే చూసింది, అక్కడి ఇళ్లలో చిలగడదుంప పైకే నేటికీ పెద్దపీట. అయినా నవంబరు, గుమ్మడి, దాల్చిన వాసన అన్న మూడూ హేల్ పుణ్యమా అని ఒక మూటగా ముడిపడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దం ఆ మూటను డబ్బాలోకి ఎక్కించింది. గుమ్మడి కోయడం, చెక్కు తీయడం, ఉడికించి గుజ్జు పిండడం పూట పని. లిబ్బీ కంపెనీ 1929లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికిన్సన్ కుటుంబపు క్యానింగ్ వ్యాపారాన్ని కొని, గుజ్జును డబ్బాల్లో దేశమంతా అమ్మింది. మోర్టన్ అనే చిన్న ఊరు నేటికీ ఆ పరిశ్రమకు కేంద్రం. ఆ డబ్బాల్లో ఉండేది హాలోవీన్ రోజున కళ్లూ ముక్కూ చెక్కే నారింజ రంగు కాయ కాదు. డికిన్సన్ అనే పొడవాటి, లేత గోధుమరంగు రకం. బటర్‌నట్‌కు దగ్గరి చుట్టం. మన ఊళ్లలో పండే తీపి గుమ్మడి రకాలు చాలావరకు ఈ జాతివే.

బాల్టిమోర్‌లోని మెక్‌కార్మిక్ మసాలా కంపెనీ 1934లో ఇంకో చిక్కు తీర్చింది. దాల్చిన, అల్లం, జాజికాయ, ఆల్‌స్పైస్ వేరువేరుగా కొని పాళ్లు తూచుకోనక్కర్లేకుండా, అన్నీ కలిపిన పొడిని గుమ్మడి పై మసాలా పేరుతో ఒకే డబ్బాలో అమ్మకానికి పెట్టింది. పెద్ద మలుపు ఇక్కడే ఉంది. అప్పటిదాకా ఆ వాసనకు సొంత పేరు లేదు, ఏ వంటలో ఉంటే ఆ వంటదే. డబ్బా మీద పేరు పడ్డాక అది గుమ్మడిని విడిచి ఒంటరిగా తిరగగలిగింది. కేకులోకి, బిస్కెట్లలోకి, కొవ్వొత్తుల్లోకి, చివరికి కాఫీలోకి. స్టార్‌బక్స్ కన్నా ముందే, 1990ల్లో, కొన్ని చిన్న కాఫీ వేయింపు సంస్థలు ఈ వాసన పట్టించిన గింజలు అమ్మాయి కూడా.

కాఫీ వైపు కథ పొట్టిది. 1971లో సియాటిల్‌లో మొదలైన స్టార్‌బక్స్ తొలినాళ్లలో గింజలు అమ్మే కొట్టు మాత్రమే. అక్కడ ఉద్యోగిగా చేరిన హొవార్డ్ షుల్ట్జ్ 1983లో మిలాన్ వెళ్లి ఎస్ప్రెసో బార్లు చూసి వచ్చాడు. 1984లో ఒక దుకాణం మూలన లాటే పోసి చూపించాడు. యజమానులు ఒప్పుకోకపోతే బయటికి వెళ్లి సొంతంగా కాఫీ బార్లు పెట్టి, 1987లో స్టార్‌బక్స్‌నే కొన్నాడు. మిలాన్‌లో పొద్దున పూట పాలూ ఎస్ప్రెసోగా తాగే కాఫీ, అమెరికాలో ఏ పాకం పోసినా ఇముడ్చుకునే పెద్ద కప్పయింది. 2002 చలికాలానికి తెచ్చిన పుదీనా వాసన మోకా బాగా ఆడింది. చలికాలానికి ఒకటి ఉంటే ఆకురాలు కాలానికి ఎందుకుండకూడదు?

2003 తొలి నెలల్లో పీటర్ డ్యూక్స్ నాయకత్వంలో ఒక బృందం ఆ ప్రశ్న పట్టుకుంది. ముందు కాగితం మీద ఆలోచనలు రాసి కొనుగోలుదారులను అడిగారు. చాక్లెట్, క్యారమెల్ రుచులకు ఎక్కువ ఓట్లు. గుమ్మడికి మధ్యస్థం. కానీ కొత్తదనం అన్న గడిలో మాత్రం గుమ్మడి పైన నిలిచింది. సియాటిల్ ప్రధాన కార్యాలయంలోని ప్రయోగశాలలో, బయట వసంతం పూస్తుండగా, లోపల ఆకురాలు కాలపు అలంకరణలు పెట్టుకుని, గుమ్మడి పై ముక్క ఒకటి తిని ఎస్ప్రెసో ఒక గుక్క తాగి, పై మీదే ఎస్ప్రెసో పోసి, ఈ రుచిలో ఏది కాఫీకి వియ్యమందుతుందో పరీక్షించారు. కాఫీని మసాలా మింగేస్తుందని సంస్థలో కొందరు సందేహించారు. పాకంలో మసాలా ఎంత, తీపి ఎంత అన్నదే మూడు నెలల పని. గుమ్మడి గుజ్జు వేయాల్సిన అవసరం కనబడలేదు. 1934 నాటి డబ్బా ఆ పని ఎప్పుడో చేసి పెట్టింది.

ఆ ఏడాది వాంకూవర్, వాషింగ్టన్ నగరాల్లో సుమారు 100 దుకాణాల్లో అమ్మి చూశారు. వారం తిరక్కుండానే లెక్కలు దాటిపోయి, సరుకు హడావుడిగా తెప్పించాల్సి వచ్చింది. 2004లో అమెరికా అంతటా విడుదలైంది.

అదే 2004 సెప్టెంబరు 7న ఐవాన్ తుపాను గ్రెనడా మీద విరుచుకుపడింది. అప్పటికి ఇండోనేషియా తర్వాత ప్రపంచానికి జాజికాయ ఎక్కువ పంపేది ఆ చిన్న దేశమే. జెండా మీద కూడా జాజికాయ బొమ్మ పెట్టుకుంది. తుపాను దాదాపు 90 శాతం చెట్లను పెరికివేసింది. జాజి మొక్క కాపుకు రావాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది, నిండు దిగుబడికి ఇంకా చాలా ఏళ్లు. చాలామంది రైతులు మళ్లీ నాటలేదు. ఒకచోట ఒక వాసన దేశవ్యాప్త వ్యాపారంగా తలెత్తుతున్న వారాల్లోనే, మరోచోట దాన్ని పండించే ఊళ్లు నేలమట్టమయ్యాయి. రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. అయినా ఈ సరుకు చరిత్రలో తాగేవాళ్ల వైపు పుటలు ఎన్ని నిండాయో, పండించేవాళ్ల వైపు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఆ సెప్టెంబరు చూపిస్తుంది.

2014లో వాణి హరి అనే ఆహార రచయిత్రి, ఈ లాటేలో గుమ్మడి లేదనీ, రంగు కోసం క్యారమెల్ రంగు కలుపుతున్నారనీ బయటపెట్టింది. పెద్ద దుమారం లేచింది. 2015లో కంపెనీ ఆ రంగు తీసేసి, గుమ్మడి గుజ్జు చేర్చింది. రుచి మారిందని గగ్గోలు పుట్టకపోవడమే అసలు సంగతి. వాసన అదే ఉంది కదా. ఏదైనా సరుకులో ఏముందో చెప్పమని గట్టిగా అడగడం మంచిదే. ఆ అడగడం వల్లే మారింది. కానీ పన్నెండేళ్లపాటు జనం మోసపోయారన్న తీర్పు సరైంది కాదు. వాళ్లు కొన్నది మసాలా, వాళ్లకు దక్కింది మసాలా.

దీన్ని కుర్ర ఆడపిల్లల రుచి అని చిన్నచూపు చూసే అలవాటు ఒకటి ఆ దేశంలో బలంగా ఉంది. అది అన్యాయం. ఈ రుచిని అచ్చులోకి ఎక్కించింది ఒక అనాథ స్త్రీ, పండుగ పీట మీద కూర్చోబెట్టింది ఒక సంపాదకురాలు, ఏటా నవంబరులో తిరగలిలా తిరిగి నిలబెట్టింది పేరు తెలియని వంటింటి ఆడవాళ్లు. రెండు వందల ఏళ్ల వంట జ్ఞానాన్ని ఎగతాళికి వాడుకోవడం ఎవరికీ శోభ కాదు. విమర్శించదలిస్తే వేరే చోట ఉంది: ఒక్కో పెద్ద కప్పులో ఉండే పంచదార. లేదా కాలం రాకముందే వచ్చేసే తేదీ. 2023లో ఆగస్టు 24న, 2024లో ఆగస్టు 22న ఈ లాటే దుకాణాల్లోకి వచ్చేసింది. టెక్సస్‌లో అప్పటికి ఎండలు మండిపోతుంటాయి, ఒక్క ఆకూ రాలదు. ఒకప్పుడు కాలం వస్తే వంటకం వచ్చేది. ఇప్పుడు కప్పు ముందు వచ్చి, కాలం తర్వాత వస్తోంది. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు కూడా పంప్‌కిన్ స్పైస్‌కు చోటు ఇచ్చింది.

ఆకురాలు కాలం మొదలయ్యే వారాల్లోనే న్యూజెర్సీ, డాలస్ వంటి చోట్ల తెలుగు సంఘాల బతుకమ్మలు జరుగుతుంటాయి. అక్కడ కొత్తగా కాపురం పెట్టినవాళ్లు దుకాణం ముందు గుట్టలుగా పోసిన నారింజ రంగు కాయ కొని పులుసు పెడితే నీరు నీరుగా వచ్చి నిరుత్సాహపడతారు. అది చెక్కడానికి పెంచిన రకం. పాతవాళ్లు బటర్‌నట్ తెచ్చుకోమంటారు. జాతి ఒక్కటే కాబట్టి ముక్క విడవకుండా, తీపిగా ఉడుకుతుంది.

ఆ గుమ్మడి మసాలా కాఫీ ఇక్కడ రుచి చూడాలనుకుంటే దుకాణం వెతకనక్కర్లేదు. కావలసిన దినుసులన్నీ పోపుల డబ్బాలోనూ బిర్యానీ సామాన్లలోనూ ఉన్నవే. ఒక్క ఆల్‌స్పైస్ తప్ప, దాని బదులు లవంగం చాలు. దాల్చినచెక్క పొడి నాలుగు పాళ్లు, శొంఠి పొడి రెండు పాళ్లు, లవంగం పొడి, జాజికాయ పొడి సగం పాలు చొప్పున కలిపి పెట్టుకోవాలి. మన బజారులో దాల్చిన పేరుతో అమ్మేది చాలావరకు మందపాటి కాసియా బెరడు. అమెరికా డబ్బాలో ఉండేదీ అదే, కాబట్టి ఘాటు సరిగ్గా సరిపోతుంది. ఆవిరి మీద ఉడికించిన తీపి గుమ్మడి గుజ్జు రెండు చెంచాలు, బెల్లం రెండు చెంచాలు, ఈ పొడి పావు చెంచా గిన్నెలో వేసి, కొద్ది నీళ్లతో పాకంలా దగ్గరపడేదాకా తిప్పాలి. అందులో చిక్కటి పాలు పోసి పొంగు రానిచ్చి, దించి వడకట్టాలి. మూడొంతుల పాలకు ఒక వంతు చిక్కటి డికాక్షన్. అరకు గింజలైతే మరీ మంచిది. బెల్లం వేశాక పాలు ఎక్కువసేపు మరిగితే విరుగుతాయి. జాజికాయ అప్పటికప్పుడు అరగదీస్తే వాసన నిలుస్తుంది, కానీ చిటికెడు దాటనివ్వకూడదు. ఎక్కువైతే చేదు వస్తుంది, మరీ ఎక్కువైతే తల తిరుగుతుంది.